సిమెంటు పట్టేదాకా

"గంటసేపు భుజం తియ్యకు హరిలాలూ. సిమెంటు పట్టేదాకా అది కదలొద్దు. కదిలిందంటే మళ్ళ గోడ తవ్వుడే" అని చెప్పి బొజ్జయ్య తాపీ కడిగి సంచిలో వేసుకున్నాడు. తలెత్తి ఒకసారి మబ్బు వంక చూశాడు, కల్లంలో తన మినుములు తడుస్తాయేమోనని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని చెప్పుల చప్పుడు వాకిలి దాటాక ఇల్లంతా ఒక్కసారి సద్దుమణిగింది. హరిలాల్ పైనుంచి రెండో మెట్టు మీద కూర్చుని, కుడి భుజం గేటు చట్రానికి ఆనించి, కాళ్ళు రెండూ కింది మెట్టు మీద గట్టిగా తన్నిపెట్టుకున్నాడు. చట్రం మెట్లవైపే వాలుతోంది, ఇటునుంచే ఆనించాలి, ఇటువైపు పోటు కర్ర పెడదామంటే మెట్ల మీద కర్ర నిలవదు, కాబట్టి మనిషే కావాలి, మనిషంటే ఇవాళ తనొక్కడే. వీక్లీ ఆఫ్. భార్య బాలి సబ్ సెంటరులో నర్సు, పొద్దున్నే డ్యూటీకి పోయింది, బుధవారం, టీకాల రోజు, నాలుగు కావస్తే గానీ రాదు. కింద ఉండే ఇంటివాళ్ళు చెంచురామయ్య గారూ సుబ్బరత్నమ్మ గారూ ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి చేలోకి పరుగెత్తారు. పమ్మి లోపల చాప మీద నిద్రపోతోంది. పది నెలల పిల్ల. గేటుకు అటువైపు పిల్ల, ఇటువైపు తను, చేతి గడియారంలో మూడూ పది.

ఎర్రరంగు వాసన ఇంకా వస్తూనే ఉంది. నాలుగు రోజులు డాబా మీద ఎండబెట్టించి, గోటితో గీకి చూసి, రంగు ఊడి రాదని తేలాకే బాలి సరేనంది, పళ్ళొచ్చే పిల్ల, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది అని. ఊచల సందుల్లోంచి తన ఇంటిని తనే బయటివాడిలా చూస్తున్నాడు హరిలాల్. ఇంత కిందనుంచి ఎప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళుగా బస్సులో నిలబడి టికెట్లు కొట్టే మనిషి, ఏది చూసినా పైనుంచే చూడటం అలవాటు. ఇప్పుడు మెట్టు మీద కూర్చుంటే ఇల్లు పమ్మికి కనబడేట్టు కనబడుతోంది. స్టవ్వు పెట్టిన బల్ల కింద పేరుకున్న మసి, ట్రంకు పెట్టె వెనక పడిపోయి ఎవరికీ దొరకని పౌడరు డబ్బా మూత, బకెట్టు అంచు, తలుపు సందు, కుర్చీ కాలి దగ్గర తేలిన మేకు తల. ఇన్ని ఉన్నాయా ఈ ఇంట్లో? ఒక గది, వంటకి ఇంకో చిన్న గది, పైన డాబాలో సగం. ఇన్ని మూలలా? రోజూ ఈ పిల్ల ఇన్నిటి మధ్య పాకుతూ తిరుగుతోందా? మేకు తల మీద సాయంత్రం సుత్తి వెయ్యాలి. అనుకున్నాడు గానీ అతని చూపు అప్పటికే కిటికీ దగ్గరికి పోయింది, కిటికీ చువ్వకు వేలాడుతున్న గడ్డం గీసుకునే అద్దం దగ్గరికి. దాన్ని అక్కణ్ణుంచి తీసెయ్యాలని తొమ్మిది రోజులుగా అనుకుంటున్నాడు. ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆ అద్దంలోనే కనబడింది పిల్ల ఆ రోజు. గడప దగ్గర కూర్చుని చెంచాతో నేలను కొడుతోంది. సబ్బు నురగ రాసుకుని ఒక చెంప గీసుకున్నాడు, అద్దంలో పిల్ల ఉంది. చెంచా చప్పుడు వినబడుతోంది. రెండో చెంప కోసం మెడ తిప్పాడు. అంతే, మెడ తిప్పి మళ్ళీ చూసేసరికి అద్దంలో గడప ఉంది, చెంచా ఉంది, పిల్ల లేదు. ఆ ఖాళీ గడప ఎంత తెల్లగా ఉందో, దాని మీద ఎండ ఎంత నిమ్మళంగా పడి ఉందో ఇప్పటికీ కళ్ళు మూస్తే కనబడుతుంది. తర్వాత మెట్ల మీద దబదబ చప్పుడు, సుబ్బరత్నమ్మ గారి కేక. ఆవిడ కిందనుంచి గాలి బాగా వస్తుందని పైనుంచి నాలుగో మెట్టు మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. మూడు మెట్లు దొర్లి పిల్ల ఆ చేటలో పడింది. చేట లేకపోతే ఇంకా పదకొండు మెట్లు, కింద బండ. హరిలాల్ సగం నురగ ముఖంతో పరుగెత్తుకొచ్చేసరికి మెట్ల నిండా కందిపప్పు, ఆవిడ లేదు, పిల్ల లేదు. చెప్పులైనా వేసుకోకుండా పిల్లను భుజాన వేసుకుని సబ్ సెంటరుకు పరుగెత్తింది ఆ పెద్దావిడ. ఇంట్లోకి దిగిన కొత్తలో ఇదే ఆవిడ కూర గిన్నె చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి, "తీసుకో బాలీ" అని రెండడుగులు వెనక్కి జరిగేది. తండా మనుషులతో కలిసి ఒకే ఇంట్లో ఉండటం ఆవిడకూ కొత్తే. ఆ రోజు మాత్రం నడి వీధిలో, అందరూ చూస్తుండగా, పిల్ల జుట్టులో కందిపప్పు ఇరుక్కుని ఉండగా, "మా పిల్లకు దెబ్బ తగిలింది, జరగండి" అంటూ పరుగెత్తిందట. ఆ మాట బాలి చెప్పింది. మా పిల్ల అన్నదట.

బాలి ఆ రోజు పిల్ల కళ్ళలోకి టార్చి వేసి చూసింది, బొప్పి మీద తడిగుడ్డ అద్దింది, వాంతి అవుతుందేమోనని సాయంత్రం దాకా ఒళ్ళోనే పెట్టుకు కూర్చుంది. ఏమీ కాలేదు. చీకటి పడేసరికి పిల్ల నవ్వింది కూడా. కానీ ఎట్ల పడ్డది అని బాలి ఒక్క మాట అడగలేదు. గడ్డం మీద ఎండిపోయిన నురగ చూసింది, అద్దం వైపు చూసింది, ఊరుకుంది. అడిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది. తిడితే తనూ ఏదో ఒకటి అనేవాడు, రెండు మాటలు పోయేవి, అక్కడికి అయిపోయేది.

భుజం మొద్దుబారుతోంది. కొంచెం జరిగి మెడ కింది ఎముక దగ్గర ఆనించుకున్నాడు. మూడూ ఇరవై. గోడలోకి దిగిన ఇనుప కాళ్ళ చుట్టూ సిమెంటు ఇంకా నల్లగా, తడిగా మెరుస్తోంది. ఈ గోడ తవ్వించింది చెంచురామయ్య గారంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున ఇరవై ఎకరాలు సాగు చేసి, ఒక్కో ఇటుకా దగ్గరుండి పేర్పించి కట్టుకున్న మేడ. ములకలపల్లిలో అప్పటికి మేడలు మూడంటే మూడు. కిరాయికిచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే, గోడకు మేకు కొట్టొద్దు. అందుకే క్యాలెండరు తలుపు గొళ్ళానికి, అద్దం కిటికీ చువ్వకు, హరిలాల్ ఖాకీ చొక్కా మంచం కోడుకు. పిల్ల పడిన సాయంత్రం ఆయన పైకి వచ్చి పైమెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. అప్పటికి అక్కడ బియ్యం బస్తా అడ్డం పెట్టి ఉంది. మర్నాటికల్లా పమ్మి ఆ బస్తా మీదికి ఎక్కి కూర్చుంది. నులక మంచం అడ్డంగా నిలబెడితే నులక సందుల్లో చెయ్యి దూర్చి ఇరుక్కుని ఏడ్చింది. పలక చెక్క తాడుతో కడితే తనే దాన్ని ఊపి ఊపి వదులు చేసింది. మూడో రోజున ఆయన మళ్ళీ వచ్చి, వేళ్ళతో గోడ మీద కొట్టి చూసి, "హరిలాలూ, మేకులూ తాళ్ళూ పనిచెయ్యవయ్యా. జానెడు లోతు గోడ తవ్వి ఇనప గేటు నిలబెట్టాల్సిందే. పద, పాల్వంచ పోదాం" అన్నాడు. "గోడ ఖరాబైతది బాబాయి గారూ" అన్నాడు హరిలాల్. "ఖరాబైతే సున్నం వేసుకుంటాం. గోడకేం, మన్నూ ఇటికే కదా" అన్నాడాయన, ఎప్పుడూ అదే మాట అంటున్నవాడిలా.

పాల్వంచలో రామ్‌చందర్ వెల్డింగ్ షాపు ముందు గేట్లు వరసగా ఆనించి ఉన్నాయి. రామ్‌చందర్ నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అన్నిటికన్నా అందమైనది చూపించాడు. మధ్యలో నెమలి, చుట్టూ తీగలు, పైన బల్లెం మొనలు. "మొత్తం ఏరియాల గిట్లాంటి డిజైన్ లేదు సార్" అన్నాడు. చెంచురామయ్య గారు నెమలిని చూశాడు, తీగల్లో కాలు పెట్టి ఎక్కి చూపించాడు, అరవై ఏళ్ళ మనిషి, పంచె పైకి దోపుకుని. "ఇది గేటు కాదయ్యా, నిచ్చెన. పిల్ల ఎక్కేసి అవతల దూకుతుంది. అడ్డ ఊచ ఒక్కటి కూడా మధ్యలో ఉండటానికి వీల్లేదు, అన్నీ నిలువు ఊచలే." మడత పడి ముడుచుకునే జాలీ గేటు చూపిస్తే హరిలాలే వద్దన్నాడు, బస్సు తలుపులో వేళ్ళు నలిగిన పిల్లలను ఎందరిని చూశాడో. మొనలు బాలి ముందే వద్దని రాసిచ్చింది. టీకాల రిజిస్టరులోంచి చింపిన కాగితం మీద నీలం సిరాతో, మొనలు వద్దు, రెక్క గదిలోకే తెరుచుకోవాలి మెట్ల మీదికి కాదు, గడియ మెట్లవైపు ఉండాలి, గేటు పైమెట్టు మీదే నిలవాలి ఒక మెట్టు దిగాక కాదు అని రాసి, కింద సంతకం కూడా పెట్టింది, అలవాటుగా. రామ్‌చందర్ ఆ సంతకం చూసి ఆర్డరు కాగితమనుకుని జాగ్రత్తగా మేకుకు గుచ్చుకున్నాడు.

ఊచకూ ఊచకూ మధ్య ఎంత సందు అన్న దగ్గర ఆగారు. చెంచురామయ్య గారికి దూడ గుర్తొచ్చింది. దొడ్డి కటకటాల్లో ఒకసారి దూడ తల దూర్చి ఇరుక్కుంటే తెల్లవార్లూ అది అరిచిందట, చివరికి చువ్వ కోసి తీశారట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు కొంచెం తగ్గింది. "ఒళ్ళు దూరేంత ఉంటే అవతల పడుతుంది. ఒళ్ళు దూరి తల ఆగిపోయిందా, అది ఇంకా ప్రమాదం. నాలుగు వేళ్ళకు మించకూడదు" అన్నాడు. రామ్‌చందర్ టేపు చేతిలోకి తీసుకుని, "పాప తల ఎంతుంటది అన్నా?" అని హరిలాల్‌ను అడిగాడు. హరిలాల్‌కు తెలియలేదు. రోజూ నీళ్ళు పోసే తల, నూనె రాసే తల, నిద్రలో తన చేతిమీద బరువుగా పడి ఉండే తల, ఎంత అంటే అంకె లేదు. రెండు చేతులూ ఎత్తాడు. అరచేతులు వాటంతటవే అంత దూరంలో ఆగాయి, అటూ ఇటూ జరగకుండా, మధ్యలో తల ఉన్నట్టే. రామ్‌చందర్ ఆ అరచేతుల మధ్య టేపు పెట్టి కొలుచుకున్నాడు. ఇంటికొచ్చాక బాలి టేపుతో కొలిస్తే అంతే ఉంది, ఒక్క గీత తేడా లేదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఎంత అనిపించిందో, ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

గేటు తన బస్సు మీదే వచ్చింది. టాపు మీద కట్టించి, ప్రతి స్టేజీ దగ్గరా దిగి తాళ్ళు చూసుకున్నాడు, డ్రైవరు తుల్సీరాం విసుక్కున్నాడు కూడా. దారిలో వెదురు బుట్టలతో ఎక్కిన జంపక్క, ఎప్పుడూ సంతకు వచ్చే మనిషి, పైకి చూసి "ఏంది కండక్టరూ అది, మేకలు పెంచుతున్నవా?" అని అడిగింది. "కాదు పెద్దమ్మా, మా బిడ్డకు. మెట్లమీద పడకుండ." ఆమె "మేమైతే తడిక కడ్తం" అంది. అంతే, టికెట్టు కొంగుకు ముడేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. హరిలాల్ చిల్లర ఇవ్వడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు, తడిక అన్న మాట దగ్గర.

తడిక. యాడి కట్టిన తడిక. తండాలో అమ్మను యాడి అనే పిలుస్తారు. ఆరు నెలల కింద ఈ మేడ చూడటానికి వచ్చినప్పుడు యాడి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది, పైకి చూసి, "ఇంటి లోపల గుట్ట ఎందుకు కట్టుకున్నర్రా?" అంది. తండాలో మెట్టు అనేదే లేదు, గుడిసె అంటే నేల, నేల అంటే గుడిసె, పిల్లలు పడటానికి ఎత్తు ఎక్కడుంది. పడటానికి లేదు గానీ కాలడానికి ఉంది. హరిలాల్‌కు ఆ మూల ఇప్పటికీ తెలుసు, గుడిసెకు కుడివైపు, మూడు రాళ్ళ పొయ్యి, బూడిద కింద నిప్పు ఆరదు, సాయంత్రానికి మళ్ళీ ఊదుకోవచ్చని యాడి దాన్ని కప్పి పెట్టేది. ఇప్పపూల కాలం. యాడి చీకటితోనే అడవిలోకి పోయేది, పూలు రాలిన చోట ముందు చేరినవాళ్ళకే బుట్ట నిండుతుంది. పోతూ పోతూ చెల్లెలు పూలిని అతనికి అప్పజెప్పేది. అతనికి ఏడేళ్ళు, పూలికి ఏడాది. ఎప్పుడైనా నడుముకు గుడ్డ కట్టి గుంజకు కట్టేసి పోయేది కూడా, కానీ ఆ రోజు కట్టలేదు, నువ్వున్నవు గదా అంది. నువ్వున్నవు గదా.

ఆ రోజే బస్సు వచ్చింది. అంతకు ముందు లారీలు తెలుసు, వెదురు లారీలు, కలప లారీలు. బస్సు తెలియదు. రోడ్డు వేశారు, బస్సు వస్తుందట అని నెల రోజులుగా తండా అంతా అనుకుంటోంది. హారను వినబడింది, గుడిసెల్లోంచి పిల్లలంతా పరుగెత్తారు, అతనూ గుమ్మం దాటాడు, వెనక్కి తిరిగి చూశాడు, పూలి ఇప్పపువ్వు చీకుతూ కూర్చుని ఉంది. చూశాడు, అది నిజం, ఒకసారి చూశాడు. ఎర్ర బస్సు. దుమ్ములోంచి వచ్చింది. తలుపు దగ్గర ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు గాల్లోనూ పెట్టి ఖాకీ చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు, నోట్లో విజిలు. అది ఎంతసేపు ఆగిందో, తను ఎంతసేపు దాని చుట్టూ తిరిగాడో, వేడి బానెట్టు మీద చెయ్యి ఎందుకు పెట్టాడో, ఇవన్నీ ముప్ఫై మూడేళ్ళ వయసులో కూడా అట్లాగే ఉన్నాయి, బస్సు అద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో గీసిన గీతతో సహా. తిరిగి వచ్చేసరికి గుడిసెలో ఏడుపు కూడా లేదు. అరిచి అరిచి గొంతు పోయి, నోరు తెరుచుకుని ఉంది పూలి, కుడి చెయ్యి మోచేతిదాకా బూడిద.

యాడి కొట్టలేదు. కొట్టేందుకు చెయ్యెత్తింది, దించింది. చెయ్యి మానడానికి రెండు నెలలు పట్టింది, వేళ్ళు మూడు ఒకదానికొకటి అంటుకుని అట్లాగే మానాయి. పిల్లకు ఆకు కట్టు కట్టిన సాయంత్రమే యాడి వెదురు చీల్చి తడిక అల్లడం మొదలుపెట్టింది. ఇతను దూరంగా కూర్చుని ఉన్నాడు. తడిక అల్లి, పొయ్యి మూలకు అడ్డంగా నిలబెట్టి, రెండు గుంజలకు కట్టి, ఊపి చూసి, అప్పుడు పిలిచింది. "ఇటు రా. పసిపిల్లను పిల్లగాడికి అప్పజెప్పి పోయిన, తప్పు నాది. నిప్పుకు కాపలా ఉండాల్సింది తడిక. నువ్వు గాదు." ఆ మాట అతను విన్నాడు. విన్నాడు గానీ తీసుకోలేదు. అట్లాంటి మాటలు యాడులు అంటారు, పిల్లలు నిద్రపోవాలని అంటారు. ఎందుకు వెళ్ళావని మాత్రం ఆమె అడగలేదు, బస్సు కోసమని తను చెప్పలేదు. ఇంటర్ ఫెయిలయ్యాక డిపోలో ఉద్యోగం వచ్చిందంటే తండా అంతా సంబరపడింది, ఖాకీ చొక్కా తొడుక్కున్న మొదటి రోజు పూలి అంటుకుపోయిన వేళ్ళతోనే గుండీలు పెట్టింది, అతను పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

చినుకు. ముందు మెడ మీద ఒకటి, తర్వాత మోకాలి మీద. మెట్ల పైన చిన్న రేకు ఉంది గానీ గాలి వాటంగా కొడితే జల్లు గోడకే తగులుతుంది. గట్టిపడని సిమెంటు మీద వాన పడితే కొట్టుకుపోతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. భుజం తియ్యకుండానే ఎడమ చేత్తో మెడలోని తువ్వాలు లాగి, నోటితో పట్టి, పైన ఉన్న ఇనుప కాలి చుట్టూ కప్పాడు. కిందిదానికి ఏమీ లేదు. బనియను విప్పాలంటే రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి బయటికి తీసి, తల బయటికి తీసి, భుజం మార్చి, మళ్ళీ మార్చి, చివరికి బనియను కూడా కప్పి, ఒంటిమీద లుంగీ ఒక్కటే మిగిలి వానలో వణుకుతూ ఉండగా లోపల ఎవరో నవ్వారు.

పమ్మి లేచింది. చాప మీద కూర్చుని, ఒక చెంప మీద చాప అచ్చు పడి, జుట్టు నిక్కబొడుచుకుని, నాన్న బనియనుతో కుస్తీ పట్టడం చూసి నవ్వుతోంది. లేచి ఎంతసేపైందో. హరిలాల్‌కు మొదట వచ్చింది భయమే. బకెట్టు, తలుపు సందు, మేకు తల, ఇందాక కిందనుంచి లెక్కపెట్టినవన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. తను ఇవతల ఉన్నాడు. భుజం తీస్తే చట్రం ఒరుగుతుంది, తియ్యకపోతే పిల్ల దగ్గరికి పోలేడు. "పమ్మీ, ఇటు రామ్మా. నా తల్లి కదా, ఇటు చూడు" అని పిలిచాడు, ఊచల సందులోంచి వేళ్ళు ఆడించాడు. పిల్ల బకెట్టు వైపు ఒకసారి చూసింది. వేళ్ళ వైపు చూసింది. వేళ్ళే బాగున్నాయనుకుందేమో, చేతులూ మోకాళ్ళూ వేసి, తప్ తప్‌మని అరచేతులు నేలకు కొడుతూ నేరుగా గేటు దగ్గరికే వచ్చింది. వచ్చి అతని వేళ్ళు పట్టుకుంది, నోట్లో పెట్టుకుంది, రెండు కింది పళ్ళతో కొరికింది. తర్వాత వేళ్ళు వదిలేసి ఊచ పట్టుకుంది. రెండో చేత్తో ఇంకో ఊచ. ఒక మోకాలు ఎత్తి పాదం నేలకు ఆనించింది. చట్రం అతని భుజంలోకి తోసింది. పై ఇనుప కాలి దగ్గర సిమెంటులో వెంట్రుకంత పగులు కనబడింది.

కదిలిందంటే మళ్ళ గోడ తవ్వుడే. ఆ వేళ్ళు విడిపించడం ఎంతసేపు? ఒక్కో వేలూ తీస్తే చాలు, కూలబడిపోతుంది, కాసేపు ఏడుస్తుంది, ఎవరూ చూడరు. చెయ్యి సందులోంచి పోనిచ్చి ఆ చిన్న గుప్పిటి మీద పెట్టాడు. ఊచను పట్టుకున్న ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో అప్పుడు తెలిసింది, గోళ్ళ కింద తెల్లబడేంత గట్టిగా. పిల్ల ముఖం ఎర్రబడింది, పెదాలు బిగించింది, లోకంలో ఇంకే పనీ లేనట్టు పైకి చూస్తోంది. హరిలాల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు పాదాలూ మెట్టుకు తన్ని, వెన్ను వంచి, భుజమూ తలా రెండూ చట్రానికి ఆనించి, గోడకు నెట్టి పట్టుకున్నాడు. "లే" అన్నాడు, గొంతులోనే. అది ఊగింది, ఊగిన ప్రతిసారీ ఆ ఊపు అతని ఎముకల్లోకి వచ్చి ఆగింది. ఒక పాదం. జారింది. మళ్ళీ పెట్టింది. రెండో పాదం. మోకాళ్ళు వణికాయి, పిరుదులు వెనక్కి పోయాయి, నడుము నిటారుగా వచ్చింది, తల పైకి వచ్చింది, కళ్ళు అతని కళ్ళకు సూటిగా వచ్చి నిలిచాయి. నిలబడింది. పుట్టి పది నెలలకు మొదటిసారి తన కాళ్ళ మీద తను నిలబడింది. అతను రెప్ప వెయ్యలేదు. వాన చెంప మీద నుంచి కారి కంట్లో పడుతున్నా వెయ్యలేదు. పిల్ల తనను తనే నమ్మలేనట్టు కిందికి చూసుకుంది, పాదాలు అంత దూరంలో ఎందుకున్నాయో అర్థం కానట్టు చూసింది, తర్వాత ఒక చెయ్యి ఊచ మీద నుంచి తీసి, సందులోంచి చాపి, తండ్రి ముక్కు పట్టుకుంది.

బాలి వచ్చేసరికి వాన వెలిసింది. టీకా మందుల డబ్బా ఒక చేతిలో, తడిసిన గొడుగు ఒక చేతిలో, మెట్లెక్కుతూ సగంలో ఆగింది. లుంగీతో గేటుకు అతుక్కుపోయి ఉన్న మొగుడు, లోపల కూర్చుని పౌడరు డబ్బా మూత నాకుతున్న కూతురు. "ఇదేంది, ఇల్లు దానికిచ్చి నువ్వు బయట కూసున్నవా?" అంది. తండా మాటల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఆమె గొంతులో నవ్వు ముందుగా వస్తుంది. "ఇంక పావుగంట. బొజ్జయ్య కదలనియ్యొద్దన్నడు" అన్నాడు. ఆమె పైకి వచ్చి సిమెంటు చూసింది, పగులు చూసింది, వేలితో మెల్లగా నొక్కి సరిచేసింది. "ఎవరు ఊపిండ్రు?"

"నీ బిడ్డ. నిలబడ్డది."

"నిలబడ్డదా? ఎప్పుడు?"

"ఇప్పుడే. ఊచలు పట్టుకొని. రెండు కాళ్ళ మీద."

బాలి డబ్బా మెట్టు మీద పెట్టి పిల్ల వంక చూసింది. పిల్ల మూత నాకుతోంది, నిలబడటం అనేది ఎవరి సంగతో అన్నట్టు. "నువ్వు చూసినవా?" అని అడిగింది బాలి.

"చూసిన. మొదటి నుంచి ఆఖరు దాక చూసిన." అన్నాడు. ఎందుకో అప్పుడే వచ్చింది ఆ మాట, ఇరవై ఆరేళ్ళు ఎక్కడ ఉందో అక్కణ్ణుంచి. "బాలీ, పూలి చెయ్యి కాలిన దినం నేను ఇంట్ల లేను. బస్సు చూడనీకి పోయిన. యాడికి గూడ చెప్పలే."

బాలి గొడుగు గోడకు ఆనించింది. తడి చీర కుచ్చెళ్ళు పిండుకుని, అతని కింది మెట్టు మీద కూర్చుంది. "నాకెరుకే" అంది. "పెండ్లైన కొత్తల పూలే చెప్పింది."

"దానికెట్ల తెలుసు?"

"బస్సు చూడనీకి పోని పిలగాడు తండల ఉన్నడా ఆ దినం? అందరికీ ఎరుకే."

అతను భుజం మార్చి ఆనించుకున్నాడు. "ఏమన్నది పూలి?" అని అడిగాడు.

"కాలింది యాదికి లేదంట దానికి. మా భియా ఆ తర్వాత నన్ను ఇడిసి ఎటూ పోలే, బడికి గూడ సంకలేసుకొని తీస్కపోయిండు, సారు వద్దంటె గోడ పక్కన నిలబడి ఎత్తుకునే పాఠం విన్నడు అన్నది. సంక యాదికున్నదంట." బాలి అతని చేతి గడియారం తిప్పి చూసింది. "అద్దం సంగతి నేను అడగలేదని నీ మనసుల ఉన్నట్టుంది. నేనుంటె పడకపోవునా? నేను పప్పు కలియబెడుతుంటె పడేది. అందుకే గేటు." లేచి, కొంగు నడుముకు దోపుకుని, అతని పక్కన ఇరుకు చోటులో దూరి, తన భుజం చట్రానికి ఆనించింది. "జరుగు ఇగ. వణుకుతున్నవ్. మిగిలింది నేను పట్టుకుంట."

హరిలాల్ భుజం తీశాడు. చట్రం కదల్లేదు. చెయ్యి తనది కానట్టు వేలాడింది, రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒక మెట్టు దిగి కూర్చున్నాడు. కింద వాకిట్లో చెంచురామయ్య గారి గొంతు, పట్టాల చప్పుడు, "గేటు నిలిచిందా?" అని సుబ్బరత్నమ్మ గారి కేక. "నిలిచింది పిన్ని గారూ" అని బాలి జవాబు చెప్పింది. లోపల పమ్మి మూత పారేసింది. ఊచల వెనక కొత్తగా వచ్చిన ముఖం అమ్మదని గుర్తుపట్టి, చేతులు నేలకు కొడుతూ వచ్చి, ఊచ అందుకుని, మోకాలు ఎత్తింది.

"చూడు" అన్నాడు హరిలాల్.

"చూస్తున్న" అంది బాలి.